కొత్తనీరు వచ్చినప్పుడల్లా: నడిగడ్డ నుండి నల్లమల వరకు మంచినీటి చరిత్ర

వైద్యశాస్త్రం దృష్టిలో నీరు రెండే రకాలు: త్రాగదగినది, త్రాగరానిది. ప్రజల దృష్టిలో మాత్రం నీటికి రుచి ఉంది, వాసన ఉంది, పుట్టుక ఉంది, కులం ఉంది, దైవత్వం కూడ ఉంది. ఈ రెండు దృష్టులకూ నడుమ ఉన్న దూరమే మన దేశంలో ప్రజారోగ్య చరిత్రలో అధికభాగం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో గత వందేండ్లలో త్రాగునీటి ఆధారం కనీసం ఐదు పర్యాయాలు మారింది. మారిన ప్రతిసారీ కొత్తనీటిని కొందరు ఆహ్వానించారు, కొందరు అనుమానించారు, కొందరు ముక్కు మూసుకొని త్రాగారు. వాడిన నీటినే శుద్ధిచేసి మళ్ళీ వాడుకొనవలసిన కాలం ఇప్పుడు సమీపిస్తున్నది. ఆ నీటిని మనవారు అంగీకరిస్తారా అని ప్రశ్నించేముందు, ఇంతకుముందు వచ్చిన నీళ్ళను ఎట్లా అంగీకరించారో తెలుసుకొనడం అవసరం.

సంస్థానాల చెరువులు, ఏటి చెలమలు

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవే గాని, వీటి నీటి చరిత్ర సంస్థానాల కాలం నాటిది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల సీమను నడిగడ్డ అంటారు. రెండు మహానదులు ఇరువైపులా ప్రవహిస్తున్నా నడుమ ఉన్న పల్లెలు దాహంతో అలమటించడం ఈ సీమ ప్రత్యేకత. నది పల్లంలో, ఊరు మెరకలో ఉండటమే దానికి కారణం. వనపర్తి సంస్థానాధీశులు త్రవ్వించిన పెద్ద చెరువులను ప్రజలు నేటికీ సప్తసముద్రాలని గౌరవంగా పిలుస్తారు. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి ఆలయాన్ని ఆనుకొని ఉన్న రంగసముద్రం వాటిలో ఒకటి. నాగర్‌కర్నూలుకు కేసరిసముద్రం ఉంది. చెరువుకు సముద్రమని పేరు పెట్టుకొన్న ప్రాంతంలో నీటికి ఎంత కరవో వేరుగా చెప్పనక్కరలేదు.

చెరువు ప్రధానంగా పంటకు, పశువుకు ఉపయోగపడేది. త్రాగడానికి దిగుడుబావి, ఏటి ఒడ్డున ఇసుకలో తీసిన చెలమ ఆధారాలు. నల్లమలలోని చెంచుపెంటలకు ఊటలు, చెలమలే దిక్కు. ఇసుక చెలమ నీటిని మన పూర్వులు ఇష్టపడటం అజ్ఞానం కాదు. ఇసుకపొర సహజమైన వడపోత యంత్రం. వానకాలంలో వచ్చే ఎర్రనీటిని కడవలో పట్టి, ఇండుపగింజను అరగదీసి కలిపితే మన్ను అడుగుకు చేరి తేటనీరు పైన నిలుస్తుంది. పటిక చేసే పనీ అదే. నేటి నీటిశుద్ధి కేంద్రాలలో టన్నులకొద్దీ పటిక వాడి చేస్తున్న మొదటి ప్రక్రియను మన అవ్వలు కడవలో చేశారు. అయితే తేటగా ఉన్న నీరు శుభ్రమైనదనే నమ్మకం కూడ ఆ కడవతోనే వచ్చింది. ఆ నమ్మకమే తరువాతి కాలంలో మనలను రెండుసార్లు దెబ్బతీసింది.

దిగుడుబావి, నారికురుపు

మొదటి దెబ్బ నారికురుపు. నేటి యువ వైద్యులు ఈ వ్యాధిని పాఠ్యపుస్తకంలో మాత్రమే చూసి ఉంటారు. మా తరం వైద్యులు రోగి కాలినుండి తెల్లని దారంవంటి పురుగు వెలువడటం కన్నులారా చూసినవారు. ఆ పురుగు రెండు మూడడుగుల పొడవుంటుంది. లాగితే తెగుతుంది. తెగితే లోపల చీముపట్టి రోగి నెలల తరబడి మంచం పడతాడు. అందువల్ల చిన్న పుల్లకు చుట్టి రోజుకు కొద్దికొద్దిగా బయటికి తీసేవారు. ఈ వ్యాధికి మందు లేదు, టీకా లేదు. నేటికీ లేవు.

వ్యాధి వ్యాపించే తీరు గమనించదగినది. పుండు మంటకు ఉపశమనంగా రోగి కాలిని నీటిలో ఉంచుతాడు. పురుగు వెంటనే వేలకొలది పిల్లలను నీటిలోకి వదులుతుంది. నీటిలో ఉండే సైక్లాప్స్ అనే సూక్ష్మజీవి వాటిని మ్రింగుతుంది. ఆ నీటిని త్రాగిన మనిషి శరీరంలో సుమారు ఒక సంవత్సరానికి పురుగు పెరిగి కాలినుండి బయటికి వస్తుంది. ఈ చక్రంలో సైక్లాప్స్ పాత్రను 1870 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు ఫెడ్‌చెంకో కనుగొన్నాడు. మెట్లు దిగి, మోకాలిలోతు నీటిలో నిలిచి, బిందె ముంచుకొనే దిగుడుబావి ఈ చక్రం తిరగడానికి అనువైన స్థలం. నీరు త్రాగినదానికీ పుండు పడినదానికీ మధ్య సంవత్సరం వ్యవధి ఉండటంచేత, ఈ రెంటికీ సంబంధం ఉన్నదని చెబితే పల్లెవాసి నమ్మకపోవడం సహజమే. నిరుడు త్రాగిన నీరు ఈయేడు కాలిలోనుండి పురుగై వస్తుందంటే ఎవరు నమ్ముతారు?

1983–84లో దేశవ్యాప్తంగా నారికురుపు నిర్మూలన కార్యక్రమం ప్రారంభమైంది. 1984లో దేశంలో సుమారు 40 వేల కేసులు నమోదైనవి. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడ వ్యాధి ఉన్న రాష్ట్రాలలో ఒకటి. కార్యక్రమంలో ఆసుపత్రి పని స్వల్పం, నీటి పని అధికం: దిగుడుబావుల మెట్లు మూసి గట్టు కట్టి చేదబావులుగా మార్చడం, నీటిలో టెమిఫాస్ మందు చల్లడం, బట్టతో వడగట్టి త్రాగమని ఇంటింటికీ చెప్పడం, చేతిపంపులు వేయడం. చివరి కేసు 1996 జులైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనిపించింది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. మందు లేని వ్యాధిని కేవలం నీటిని మార్చి, అలవాటును మార్చి తొలగించిన ఘనకార్యమది.

ఇంతటి మేలు చేసిన మార్పు నిరాటంకంగా జరుగలేదు. దిగుడుబావికి చేంతాడు అక్కరలేదు, గిలక అక్కరలేదు. బాటసారి దోసిలితో త్రాగవచ్చు, పిల్లలు ఈదవచ్చు, బట్టలు ఉతుక్కొనవచ్చు. మెట్లు మూసివేస్తే ఇవన్నీ పోతాయి. మందు చల్లిన నీటికి వాసన వస్తుందని కొందరు, తాతలనాటి బావిని పాడుచేయరాదని కొందరు అభ్యంతరం చెప్పేవారు. ఇవి మూర్ఖత్వంతో పుట్టిన మాటలు కావు. మనం ఇచ్చేదానికంటె వారు కోల్పోయేది వారికి స్పష్టంగా కనబడేది. వడగట్టిన బట్టను తిరగవేసి, గాజుగ్లాసులో సైక్లాప్స్ కదలడం వారి కంటికే చూపించిన చోట మాటలతో పని లేకుండా పోయింది.

ఎవరి బావి, ఎవరి నీరు

ఇక్కడ ఒక చేదునిజం చెప్పక తప్పదు. ‘ఊరివారు కొత్తనీటిని అంగీకరించలేదు’ అని మనం సులభంగా వ్రాస్తాము. ఏ ఊరివారు? ఊరిబావి గట్టు ఎక్కే హక్కు దళితవాడకు ఉండేది కాదు. పైవారు ఎవరైనా చేదిపోస్తే దోసిలి పట్టవలసిందే, లేకుంటే వాగు, గుంట, చెలమ వెదుక్కొనవలసిందే. 1927లో మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ అంబేడ్కర్ చవదార్ చెరువు నీటిని త్రాగడమే ఒక మహోద్యమమైంది. రాజ్యాంగ నిర్మాతలు 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాల పేర్లు ప్రత్యేకంగా పేర్కొనవలసి వచ్చింది. 17వ అధికరణం అస్పృశ్యతను నిషేధించింది. 1955లో దానికి శిక్షాచట్టం వచ్చింది.

ఈ నేపథ్యంలో చూస్తే వాడలో వేసిన బోరింగు అర్థం వేరు. ఊరి పెద్దకు అది సప్పటి నీటి పంపు, త్రుప్పు వాసన కొట్టే ఇనుపగొట్టం. వాడలోని తల్లికి అది ఎవరినీ బ్రతిమాలకుండా నిండే మొదటి బిందె. ఒకే నీటిపై ఒకే ఊరిలో రెండు అభిప్రాయాలుండటానికి కారణమిదే. ప్రజల వైఖరిని లెక్కించేవారు ఎవరిని అడుగుతున్నారో ముందు చూచుకొనాలి. బిందె మోసే స్త్రీని అడిగితే ఒక సమాధానం, అరుగుమీద కూర్చున్న పురుషుని అడిగితే మరొక సమాధానం వస్తుంది.

బోరింగు ఇచ్చిన వరం, శాపం

1970 దశకంలో యునిసెఫ్ సహకారంతో రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపు మన గ్రామసీమల ముఖచిత్రాన్ని మార్చింది. గట్టిరాతినేలను తొలిచే యంత్రాలు రావడంతో పాలమూరు పల్లెల్లో బోరింగులు వెలసినవి. నారికురుపు తగ్గింది, కలరా, విరేచనాలు తగ్గినవి. లోతునుండి వచ్చే నీరు తేటగా, చల్లగా ఉండేది. సూక్ష్మజీవుల దృష్టితో చూస్తే అది నిజంగా మంచినీరే.

రెండవ దెబ్బ ఆ తేటనీటిలోనే దాగి ఉంది. మన నేల అడుగున ఉన్న నల్లరాయి పొరలలోని ఖనిజాలు నీటిలో కరిగి ఫ్లోరైడును చేరుస్తాయి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి వైద్యపత్రికలో ప్రకటించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాలలోనే. నల్లగొండ వేదన లోకమంతా ఎరిగినదే. దానికి సరిహద్దున ఉన్న పాలమూరు పల్లెలకూ ఆ బాధ తప్పలేదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చు. అంతకుమించి ఏండ్ల తరబడి త్రాగితే పిల్లల పండ్లపై గోధుమరంగు చారలు, పెద్దలకు కీళ్ళనొప్పులు, చివరకు వెన్ను వంగిపోవడం సంభవిస్తాయి. దీనికి రంగు లేదు, వాసన లేదు, కాచినా పోదు. కాచితే నీరు ఆవిరై గాఢత కొంత పెరుగుతుంది కూడ.

సరిగా ఇదే కథ బంగ్లాదేశ్‌లో మరింత ఘోరంగా జరిగింది. విరేచనాలనుండి పిల్లలను కాపాడటానికి 1970 దశకం నుండి లక్షలాది గొట్టపుబావులు వేశారు. 1990 దశకంలో ఆ నీటిలో ఆర్సెనిక్ ఉన్నదని బయటపడింది. ఒక వ్యాధిని పోగొట్టిన నీరే మరొక వ్యాధిని తెచ్చింది. అందువల్ల ‘ప్రభుత్వం వారు మంచిదన్న నీరే మమ్మల్ని వంగదీసింది’ అని ఒక వృద్ధుడు అంటే ఆయనను తప్పుపట్టలేము. ప్రజల అనుమానం వెనుక వారి ఎముకలు చెప్పే సాక్ష్యం ఉంది.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970 దశకంలో పటిక, సున్నం, బ్లీచింగు పొడితో ఫ్లోరైడును తొలగించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు స్థిరపడింది. శాస్త్రీయంగా అది సరియైనదే. కాని ప్రతిదినం కొలతగా మందు కలపాలి, అడుగున చేరిన మడ్డిని తీయాలి, నీటి పులుపు, రుచి మార్పు భరించాలి. ప్రతిదినం శ్రద్ధ కోరే ఏ పద్ధతీ పనివత్తిడిలో ఉన్న ఇంటిలో నిలువదు. ఇది వైద్యులు మందుల విషయంలో కూడ నేర్చుకొన్న పాఠమే.

నల్లానీరు, డబ్బానీరు

తరువాతి ఘట్టం నదినీటి పునరాగమనం. 1990 దశకంలో జూరాల ప్రాజెక్టు, దానికి ముందు 1980 దశకారంభంలో శ్రీశైలం జలాశయం నిండినవి. శ్రీశైలం కోసం కొల్లాపూర్, అలంపురం ప్రాంతాలలో ఎన్నో గ్రామాలు నీట మునిగినవి. ఇల్లూ పొలమూ జలాశయానికి అర్పించిన కుటుంబాల వారు, ఆ జలాశయపు నీరు తమ కొత్త ఊరి నల్లాకు రావడానికి దశాబ్దాలు ఎదురుచూచినారు. 2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం శ్రీశైలం వెనుక జలాలనుండి, జూరాలనుండి నీటిని శుద్ధిచేసి ఈ జిల్లాల పల్లెలకు చేర్చింది. ఫ్లోరైడు పీడిత గ్రామాలకు ఇది మహోపకారం. ఉపరితల జలంలో ఫ్లోరైడు సాధారణంగా తక్కువ.

అయినా నేడు ఏ వీధిలో చూచినా ఇరవై లీటర్ల డబ్బా కనిపిస్తుంది. భగీరథ నీటితో అంట్లు తోముకొని, బట్టలు ఉతికి, ఫిల్టరునీరు కొని త్రాగే ఇండ్లు అనేకం. కారణమేమని అడిగితే ‘మందు వాసన’, ‘రుచి లేదు’, ‘పైపు పగిలితే ఏమి కలుస్తుందో’ అంటారు. మొదటి రెండూ రుచికి సంబంధించినవి, మూడవది న్యాయమైన ప్రశ్న. మొదటిదానికి వైద్యునిగా సమాధానం చెబుతాను. నల్లావద్ద నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఆ కొద్దిపాటి వాసన నీటికి కాపలా ఉన్నదనడానికి గుర్తు. పట్టిన నీటిని మూతలేకుండా కొంతసేపు ఉంచితే వాసన తగ్గిపోతుంది. ఆ తరువాత మూత పెట్టాలి. డబ్బానీటిలో ఆ కాపలా ఉండదు. డబ్బాను సరిగా కడగకపోయినా, ప్లాంటులో పొరను సకాలంలో మార్చకపోయినా, తియ్యగా ఉన్న ఆ నీటిలో సూక్ష్మజీవులు నిర్భయంగా పెరుగుతాయి. పైగా అటువంటి యంత్రం ఒక బిందె మంచినీటి కోసం దాదాపు అంతకో, అంతకు మించియో నీటిని వ్యర్థంగా వదులుతుంది.

రుచిని నమ్మి ప్రాణం కోల్పోయిన ఒక ఉదాహరణ వైద్యచరిత్రలో ప్రసిద్ధం. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ పంపు నీటివల్ల కలరా వ్యాపించిందని జాన్ స్నో నిరూపించాడు. ఆ వీధికి దూరంగా హాంప్‌స్టెడ్‌లో ఒక వృద్ధ వితంతువు కలరాతో మరణించింది. ఆ ప్రాంతంలో కలరా లేదు. విచారించగా, ఆమెకు బ్రాడ్ స్ట్రీట్ నీటి రుచి ఇష్టమని, ప్రతిదినం బండిపై ఒక సీసా తెప్పించుకొనేదని తెలిసింది. నాలుక మంచినీటిని గుర్తించలేదనడానికి ఇంతకంటె సాక్ష్యం ఏమి కావాలి?

వాడిన నీరు మళ్ళీ వాడటం

ఇక రేపటి ప్రశ్న. పట్టణాలు పెరుగుతున్నవి. ఇంటింటికీ నల్లా వచ్చిందంటే ఇంటింటినుండి మురుగు కూడ పెరిగిందనే అర్థం. ఆ మురుగు చివరకు చేరేది వాగుకో చెరువుకో. దానిని శుద్ధిచేసి తోటలకు, కట్టడాలకు, పరిశ్రమలకు, చెరువులు నింపడానికి వాడుకొనడం తప్పనిసరి అవుతుంది. ఈ మాట వినగానే చాలమంది ముఖం చిట్లిస్తారు. ‘మురికినీరు మళ్ళీనా?’ అంటారు.

అసహ్యం మనిషికి ప్రకృతి ఇచ్చిన రక్షణ. దానిని ఎగతాళి చేయరాదు. కాని ఒక్క విషయం ఆలోచించండి. పూణే నగరపు మురుగు ముళా ముఠా నదులలో చేరి భీమానదిలో కలుస్తుంది. భీమ వచ్చి జూరాలకు ఎగువన కృష్ణలో కలుస్తుంది. తుంగభద్ర ఒడ్డున ఎన్నో పట్టణాలు దాటి కర్నూలు ఉంది. ఆ నీరంతా శ్రీశైలం జలాశయంలోకే చేరుతుంది. అంటే మన బిందెలోని నీటిలో కొంత ఎగువవారు ఇదివరకే వాడిన నీరు. నది దానిని పలుచన చేసి, ఎండ, గాలి, సూక్ష్మజీవులు కొంత శుద్ధిచేసి, నీటికేంద్రం మిగిలినది పూర్తిచేసి మనకు ఇస్తున్నవి. నదికి మన మనసులో ఉన్న పవిత్రత ఆ చరిత్రను మరపింపజేస్తున్నది. పుష్కరాలకు నదిలో మునిగే భక్తుడు ఈ నీరు ఎవరు వాడినదని అడుగడు. గొట్టంద్వారా వస్తే మాత్రం అడుగుతాడు.

ఇతర ప్రాంతాల అనుభవం మనకు దారి చూపుతుంది. నమీబియా రాజధాని విండ్‌హోక్ 1968 నుండి శుద్ధిచేసిన వాడుకనీటిని త్రాగునీటిలో కలుపుతున్నది. సింగపూర్ 2003లో అటువంటి నీటికి కొత్తపేరు పెట్టి, ప్రదర్శనశాల నిర్మించి, ప్రజలకు సీసాలలో రుచి చూపించి నమ్మకం సంపాదించింది. ఆస్ట్రేలియాలోని టూవూంబా నగరంలో 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరుపగా 62 శాతం మంది వద్దన్నారు. ఈ నగరాలన్నింటికీ నీటికొరత ఉంది, ప్రజలకు కలిగిన విశ్వాసంలోనే తేడా ఉంది.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ, తెలుగువారు అధికంగా నివసించే కర్ణాటకలోని కోలారు జిల్లా. అక్కడ బోర్లు ఎండిపోగా, 2018 నుండి బెంగళూరు మురుగునీటిని రెండవ దశవరకు శుద్ధిచేసి చెరువులకు పంపుతున్నారు. మొదటి నెలలలోనే చెరువులో నురుగు కనిపించడంతో వివాదం న్యాయస్థానానికి వెళ్ళింది. విచారణ తరువాత పథకం కొనసాగింది. ఎండిన చెరువులు నిండినవి, చుట్టుప్రక్కల బావులలో నీరు పెరిగింది. మూడవ దశ శుద్ధి కూడ జరుపాలని నిపుణులు కోరుతూనే ఉన్నారు. వైద్యునిగా నేను వారి కోరికను సమర్థిస్తాను. చెరువులో పోసిన నీరు నేలలో ఇంకి త్రాగే బోరులోకి చేరుతుంది గనుక, భారలోహాలు, రసాయనాల పరీక్ష క్రమంగా జరుగవలసిందే. ఇక్కడ రైతు ఆశ, నిపుణుని అనుమానం రెండూ సరియైనవే.

ఏమి చేయాలి

చరిత్రనుండి వైద్యునిగా నేను గ్రహించిన సూచనలు ఇవి.

మొదటిది: నల్లానీటిని అనుమానంతో వదలివేయక పరీక్షింపజేయండి. క్లోరిన్ పరీక్ష పెట్టె పంచాయతీ వద్ద ఉండాలి. ఉన్నదా అని అడగండి. మలసంబంధ సూక్ష్మజీవులుంటే నల్లబడే పరీక్షసీసా చాల చౌక. దానిని బడిపిల్లల చేతికిస్తే ఊరంతా నేర్చుకొంటుంది.

రెండవది: డబ్బానీరు కొనేవారు ఆ ప్లాంటు పరీక్షాఫలితాన్ని చూపమని అడగండి. చూపలేనివారి నీటిని కొనకండి. సందేహం ఉన్నప్పుడు నీటిని తెర్లనిచ్చి, చల్లార్చి, మూతపెట్టి త్రాగండి. ఫ్లోరైడు ఉన్న బోరునీటికి మాత్రం కాచడం విరుగుడు కాదు.

మూడవది: శుద్ధిచేసిన వాడుకనీటిని త్రాగడానికి గాక, తోటలకు, కట్టడాలకు, రహదారి చెట్లకు మొదట వాడుకొనాలి. గొట్టాల రంగు వేరుగా ఉండాలి. పచ్చిగా తినే ఆకుకూరలకు వాడరాదు. శుద్ధిచేయని మురుగుతో పండించిన ఆకుకూరను మన నగరాలవారు తెలియక తింటూనే ఉన్నారు. దానితో పోలిస్తే శుద్ధిచేసిన నీరు వేయిరెట్లు మేలు.

నాలుగవది అధికారులకు: పరీక్షాఫలితాలను ప్రతినెల గ్రామపంచాయతీ గోడపై తెలుగులో వ్రాయించండి. ఫలితం చెడుగా ఉన్న నెలలో కూడ వ్రాయించండి. చెడునెలను దాచినవారి మాటను మంచినెలలో ఎవరూ నమ్మరు. వాడలోని నల్లాకూ ఊరిమధ్య నల్లాకూ ఒకే నీరు, ఒకే వేళకు వస్తున్నదో లేదో చూడండి.

నారికురుపును ఈ దేశం మందు లేకుండా జయించింది. గాజుగ్లాసులోని నీటిని ప్రజల కంటికి చూపడంవల్ల అది సాధ్యమైంది. రేపటి నీటికి కూడ ఆ గాజుగ్లాసే కావాలి.